వేల్స్ వాళ్ళు రాని ఏడాది

మా బ్రీడా అత్త డబ్లిన్‌లో లాన్స్‌డౌన్ రోడ్ మైదానానికి ఒక సందు అవతల ముప్పై ఏళ్ళు కాపురం ఉంది. ఆ మైదానంలో మాత్రం ఏనాడూ అడుగు పెట్టలేదు. మ్యాచ్ ఉన్న శనివారం ఆవిడ వంటింట్లోంచి బయటికి రావడమే గగనం.

డెనిస్ మామయ్య రైల్వేలో గార్డు. ఆయన పోయాక, పిల్లాజెల్లా లేని ఆ ఆరు గదుల ఇంటిని అత్త పూటకూళ్ళ ఇల్లుగా మార్చుకుంది. ఐదు దేశాల రగ్బీ పోటీ జనవరిలో మొదలై వసంతం దాకా సాగేది. సరి సంవత్సరాల్లో స్కాట్లండ్, వేల్స్ జట్లు డబ్లిన్ వచ్చేవి. బేసి సంవత్సరాల్లో ఇంగ్లండ్, ఫ్రాన్స్. ఆ ఆట గురించి అత్తకి తెలిసింది అంతే. "ఫ్రాన్స్ వాళ్ళు కాఫీకి వంకలు పెడతారు, స్కాట్లండ్ వాళ్ళు తెల్లారకముందే లేచి మెట్లమీద దబదబలాడతారు, ఇంగ్లండ్ వాళ్ళు ఊరికే థాంక్యూలు చెప్తారు, వేల్స్ వాళ్ళు పాడతారు" అనేది.

వేల్స్ వాళ్ళు అంటే పదకొండు మంది బొగ్గు గని కార్మికులు. కూమ్‌డూలస్ అనే లోయలోని ఊరు వాళ్ళది. యాభై ఆరులో ఎక్కడా గది దొరక్క వానలో తడుస్తూ అత్త తలుపు కొట్టారు. ఆ తర్వాత మరో ఇంటికి వెళ్ళలేదు. ఒకసారి వాళ్ళ ప్రాంతంలో మశూచి సోకి మ్యాచ్ నవంబరుకి వాయిదా పడింది. నవంబరులోనే దిగారు. అత్త వాళ్ళని గుమ్మంలో నిలబెట్టి, రెండుసార్లు చేతులు కడిగించి లోపలికి రానిచ్చింది.

ఆ గుంపుకి పెద్ద ఇద్వాల్ ప్రాసర్. బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ చిన్నగా దగ్గుతూ ఉండేవాడు. ప్రార్థన మందిరానికి నిష్ఠగా వెళ్ళే మనిషి కనక మందు ముట్టడు. మిగతా పదిమందీ సారా దుకాణానికి పోతే ఈయన వంటింట్లో అత్త పక్కన నిలబడి కడిగిన ప్లేట్లు తుడిచేవాడు. అలా తుడుస్తూ తుడుస్తూ పదహారేళ్ళలో తన ఇల్లంతా ఆవిడ కళ్ళకి కట్టాడు. భార్య ఓల్వెన్ కుట్టుపని, కూతురి పెళ్ళి, కొడుకు ఎమ్లిన్‌కి తట్టు పోయడం, వాడి వంకర పన్ను. చూడని మనుషుల సంగతులు అత్త నాకు మా బంధువుల సంగతుల్లా చెప్పేది. నేను టిప్పరెరీ నుంచి వచ్చి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసుకుంటూ అత్త దగ్గరే ఉండేదాన్ని. పందొమ్మిది వందల డెబ్బై రెండులో నాకు ఇరవై రెండేళ్ళు.

ఆ జనవరిలో ఇద్వాల్ నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళ దేశమంతా గనుల్లో సమ్మె నడుస్తోంది. అయినా ప్రయాణానికని దాచుకున్నది ముట్టుకోలేదని, మార్చి పదకొండు మ్యాచ్‌కి పదకొండు మందీ వస్తున్నామని, ట్రెవర్ బోవెన్‌కి మాత్రం ఈసారి చివరి గది ఇవ్వమని రాశాడు. ట్రెవర్ గురక పెడితే కిటికీ అద్దాలు కదిలేవి.

జనవరి ఇరవై తొమ్మిదిన మావాళ్ళు పారిస్‌లో ఫ్రాన్స్‌ని ఓడించారు. వీధిలో పండగ. ఆ మర్నాడు ఆదివారం, ఉత్తరాన బ్రిటిష్ పాలనలోనే ఉన్న డెర్రీ ఊళ్ళో, హక్కుల కోసం తీసిన ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. పదమూడు మంది చచ్చిపోయారు.

బుధవారం నాడు ఊరు ఊరంతా పని మానేసింది. మెరియన్ స్క్వేర్‌లో బ్రిటిష్ రాయబార కార్యాలయం ముందు వేలమంది చేరారు. అందులో నేనూ ఉన్నాను. కిటికీల్లోంచి మంటలు లేచినప్పుడు గొంతు చించుకుని అరిచాను. చీకటి పడేవేళకి ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది.

"ఎక్కడికెళ్ళొచ్చావే?"

"తెలిసే అడుగుతున్నావుగా."

"రాళ్ళు విసిరావా?"

"విసరలేదు. విసిరేవాళ్ళని చూసి అరిచాను."

"అదేం తక్కువా? ఆ కోటు విప్పు. ఆ పొగ కంపు నా ఇంట్లోకి రానివ్వను."

కోటు తీసుకెళ్ళి పెరట్లో తీగ మీద ఆరేసింది. అలాగని ఆవిడకి బాధ లేదనుకోకూడదు. ఆ వారం మొదలు రోజూ పొద్దున్నే చర్చిలో పూజకి వెళ్ళి, పదమూడు కొవ్వొత్తులు వెలిగించి వచ్చేది. వాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే చదివేది. పదిహేడేళ్ళ పిల్లల పేర్లు మాత్రం రెండేసిసార్లు చదివేది.

రెండు రోజులాగి నేనే కదిపాను. "వేల్స్ వాళ్ళని రావద్దని రాసెయ్యి అత్తా. వాళ్ళూ బ్రిటిషువాళ్ళేగా."

"ఆ మాట ఇద్వాల్ దగ్గర అని చూడు. తుడుస్తున్న ప్లేటు నీ నెత్తినేసి కొడతాడు."

"సైన్యం వాళ్ళదేగా?"

"ఆయన ఇరవై నాలుగు గంటలూ భూమిలో ఉంటాడే. ఆయనకి సైన్యమెక్కడిది?" అని అత్త దుప్పట్లు మడతపెట్టుకుంటూ కూచుంది.

ఫిబ్రవరిలో లండన్ వెళ్ళి మావాళ్ళు ఇంగ్లండ్‌నీ ఓడించారు, అదీ ఆఖరి నిమిషంలో. ఇక మిగిలిన రెండు మ్యాచ్‌లూ మా ఊళ్ళోనే. ఈ ఏడాది కప్పు మనదేనని బస్సు కండక్టర్లు కూడా పందేలు కాసుకున్నారు. అంతలో స్కాట్లండ్ మేం రామని చెప్పేసింది. ఆ వెనకే వేల్స్ కూడా. ఆటగాళ్ళకి బెదిరింపు ఉత్తరాలు వచ్చాయని పేపర్లు రాశాయి. కొందరు ఆటగాళ్ళు వస్తామన్నారట, ఆట సంఘాల పెద్దలు ఒప్పుకోలేదట. వీధి చివర మాంసం కొట్టు కెవిన్ నెత్తి కొట్టుకున్నాడు. "యుద్ధాల్లో ఓడిపోవడం విన్నాం గానీ, ఆడకుండానే కప్పు పోగొట్టుకోవడం ఇప్పుడే చూస్తున్నాం!"

ఇద్వాల్ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసేవాడు ఈసారి నాలుగు వాక్యాలు రాశాడు. మ్యాచ్ లేదు కనక రావడం లేదు, మ్యాచ్ ఉన్నా మా ఆడవాళ్ళు భయపడుతున్నారు, మన్నించండి అని.

అత్త ఉత్తరాన్ని బల్లమీద పెట్టి అద్దాలు తీసింది. "భయమా? నా ఇంటికి రావడానికా?"

"నీకని కాదు అత్తా. డబ్లిన్‌కి."

"డబ్లిన్‌లో వాళ్ళు చూసింది నా ఇల్లు కాక ఇంకేముంది?"

మార్చి పదకొండు వచ్చింది. మైదానం గేట్లు మూసి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు దాటాక, ఏటా కాలు పెట్టే సందుండని మా వీధిలో ఒక కుక్క నడుచుకుంటూ పోయింది. అత్త ఆరు గదుల్లో ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు. మంచాలన్నీ వేసి పెట్టే ఉన్నాయి. కిటికీ దగ్గర అరగంట నిలబడి, వెనక్కి తిరిగి, "వాళ్ళు రాకపోతే మనం వెళ్దాం" అంది.

"ఎక్కడికి?"

"వాళ్ళూరికి. నన్ను చూసి భయపడ్డ ఆ ఆడవాళ్ళకి నా మొహం చూపించి వస్తాను."

యాభై నాలుగేళ్ళ మనిషి, అప్పటిదాకా పడవెక్కలేదు. నేను రానన్నాను. మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేసి, మా అక్క ఒక్కత్తీ సముద్రం దాటితే నీ కాళ్ళు విరగ్గొడతానన్నాడు. అలా, ఏ దేశం కార్యాలయం తగలబడుతుంటే సంతోషించానో ఆ దేశానికి రెండు నెలలు తిరక్కుండానే బయల్దేరాను.

పడవలో అత్త జపమాల వదల్లేదు, బకెట్టూ వదల్లేదు. హోలీహెడ్ రేవులో దిగగానే ఒక పోలీసు కుర్రాడు ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళ సంచులు విప్పి చూస్తున్నాడు. అత్త సంచిలోంచి నల్లగా, లావుగా ఉన్న పొట్లం ఒకటి తీశాడు.

"ఇందులో ఏముందమ్మా?"

"నెత్తురు."

వాడి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"పంది నెత్తురు నాయనా, నీది కాదు. ఓట్స్ గింజలు కలిపి చేస్తాం. వేయించుకు తింటే బావుంటుంది. కాస్త కోసివ్వనా?"

వాడు నవ్వు ఆపుకుంటూ సంచి మూసేసి పొమ్మన్నాడు. రైల్లో అత్త నా చెవిలో, "వీడెంత మర్యాదగా ఉన్నాడో చూశావా? వీడికీ తల్లి ఉంటుంది" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

శుక్రవారం సాయంత్రానికి కూమ్‌డూలస్ చేరాం. రెండు కొండల మధ్య ఒకే వీధి, ఒకదాన్నొకటి ఆనుకున్న రాతి ఇళ్ళు, ఊరి చివర గని చక్రం. అత్త ముందుగా టెలిగ్రాం కొట్టించింది కనక స్టేషనుకి ఊరు ఊరంతా వచ్చింది. మగవాళ్ళు టోపీలు చేత్తో పట్టుకుని ఒక వైపు, ఆడవాళ్ళు ఆదివారం కోట్లు వేసుకుని ఇంకో వైపు. ఇద్వాల్ బాగా చిక్కిపోయి ఉన్నాడు. ముందుకొచ్చి చెయ్యి చాపాడు గానీ కళ్ళెత్తి చూడలేదు.

అత్త సంచి కిందపెట్టి నేరుగా ఆడవాళ్ళ ముందుకెళ్ళి నిలబడింది. "నేనే బ్రీడాని. మీలో నన్ను చూసి భయపడిందెవరు?"

ఒక భారీ మనిషి ముందుకొచ్చింది. ట్రెవర్ భార్య బ్లాడ్వెన్. "భయమెందుకమ్మా? రెండేళ్ళకోసారి ఆయన మీ ఇంటికొస్తేనే గదా నాకు నాలుగు రాత్రులు నిద్రపట్టేది! ఈసారి అక్కడే ఉంచేసుకోమని చీటీ రాసిద్దామనుకున్నా."

అందరూ గొల్లుమన్నారు. ట్రెవర్ కూడా నవ్వాడు. "మరి వద్దన్నదెవరు?" అంది అత్త.

"మేమెవ్వరం అనలేదు" అంది బ్లాడ్వెన్. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరి చూపులూ ఇద్వాల్ మీదికి పోయాయి. ఆయన అత్త సంచి ఎత్తుకుని, "పదండి, చలిగా ఉంది" అని ముందు నడిచాడు.

ఓల్వెన్ చిన్నగా, చురుగ్గా ఉండే మనిషి. మాకు ఉపవాస దినాల్లో శుక్రవారం మాంసం ఉండదని ఎవరినో అడిగి తెలుసుకుని చేపలు వండింది. ముందుగదిలో బల్ల వేసి, మమ్మల్ని పొయ్యి ఎదురుగా కూచోబెట్టింది. ఇద్వాల్ వెనక పెరట్లోకి బొగ్గు తేవడానికి వెళ్ళి ఎంతకీ రాలేదు. అత్త చూపు పొయ్యి పైన గోడమీద ఆగింది. పొగచూరిన కాగితం మీద ఒక్కచోట మాత్రం అరచేయంత చదరం కొత్తగా, తెల్లగా ఉంది.

"అక్కడేదో పటం ఉండేది కదూ?"

ఓల్వెన్ చేతిలో గరిటె ఆగిపోయింది. "మీకెలా తెలుసు?"

"ముప్పై ఏళ్ళుగా గోడలు తుడుస్తున్నానమ్మా. ఎవరిది?"

ఓల్వెన్ బీరువా సొరుగు లాగి పటం తీసి బల్లమీద పెట్టింది. పందొమ్మిదేళ్ళ కుర్రాడు. నవ్వుతుంటే పన్ను కొంచెం వంకర. సైనికుడి టోపీ, సైనికుడి బట్టలు.

"ఎమ్లిన్" అంది అత్త.

"ఆ రోజు డెర్రీలో లేడండీ" అని ఓల్వెన్ గబగబా అంది. "బెల్ఫాస్ట్‌లో ఉన్నాడు. నవంబరు నుంచీ అక్కడే. దేవుడి మీద ఒట్టు, డెర్రీలో లేడు. పక్క లోయలో గని మూసేశారు, ఇక్కడ కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు. ఏం చేస్తాడు? వెళ్ళి చేరాడు."

అప్పటికి ఇద్వాల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులకి బొగ్గుమసి. "నేనే రానన్నాను బ్రీడమ్మా. ఆడవాళ్ళ మీద నెట్టేశాను. డెబ్బైలో వచ్చినప్పుడే వాడు చేరబోతున్నాడు, చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు నా కొడుకు మీవాళ్ళ వీధుల్లో తుపాకీ పట్టుకు తిరుగుతుంటే నేనొచ్చి మీ బల్ల ముందు ఎలా కూచోను? మీరు పెట్టింది ఎలా తినను?"

నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళడానికి నాకు ఆ దేశంలో మరో ఇల్లు లేదు. అత్త పటాన్ని దగ్గరికి తీసుకుని చూస్తూనే ఉంది. చేపలు చల్లారిపోతున్నాయి.

"ఆ పదమూడు మందికీ నేను కొవ్వొత్తులు వెలిగించాను ఇద్వాల్" అంది చివరికి. "అది నీ దగ్గర దాచను."

"దాచొద్దు."

"ఈ పిల్లవాడికీ ఒకటి వెలిగిస్తాను. ఎందుకని నువ్వూ అడగొద్దు, మా ఊళ్ళో ఎవరడిగినా చెప్పను. వాడికి తిండి సరిగ్గా పెడుతున్నారా?"

ఓల్వెన్ నడుముకి కట్టుకున్న వంటగుడ్డలో మొహం దాచుకుంది. అత్త లేచి పటాన్ని తనే మేకుకి తగిలించి, వంకర సరిచేసి వచ్చి కూచుంది. "ఇక వడ్డించమ్మా. మధ్యాహ్నం నుంచీ కడుపులో ఏమీ లేదు, ఉన్నదంతా సముద్రం పట్టుకుపోయింది."

మర్నాడు పొద్దున ఓల్వెనూ నేనూ మంచాల దుప్పట్లు మారుస్తున్నాం. ఆవిడ ఆ చివర, నేను ఈ చివర. ఎందుకు చెప్పానో తెలియదు గానీ చెప్పేశాను. "మెరియన్ స్క్వేర్‌లో మంటలు పెట్టినప్పుడు నేనక్కడే ఉన్నానండీ."

ఆవిడ దుప్పటి వదల్లేదు. "నా కొడుకు ఆ గుమ్మంలో కాపలా ఉండుంటే, రాయి విసిరేదానివా?"

"తెలీదు."

"సరే. లేదని అనుంటే నమ్మేదాన్ని కాదు" అని మూల మడిచి పరుపు కిందికి దోపింది. "అటు మూల లాగు, ముడత పడింది."

ఆ మధ్యాహ్నం కార్డిఫ్‌లో వేల్స్‌కి ఫ్రాన్స్‌తో మ్యాచ్. కార్మికుల హాల్లో టీవీ పెట్టారు. అత్తని ముందు వరసలో బ్లాడ్వెన్‌కీ ఓల్వెన్‌కీ మధ్య కూచోబెట్టారు. పదహారేళ్ళుగా ఈ ఆట కోసం వంట చేసిన మనిషి మొదటిసారి ఆట చూసింది.

"బంతి అలా కోడిగుడ్డులా ఉందేమిటి? ఎటు పడితే అటు పోతోంది."

"అదే దాని గొప్ప" అన్నాడు ట్రెవర్.

"ముందుకెళ్ళాలంటే వెనక్కి విసరడమేమిటి? ఇలాంటి పని మా ఇంట్లో చేస్తే తంతాను." నీలం బట్టలవాడొకడు ఇద్దర్ని తప్పించుకుని పరిగెడితే అత్త చప్పట్లు కొట్టింది. హాలంతా కేకలు వేశారు. "బ్రీడమ్మా, వాడు ఫ్రెంచివాడు!" "అయితేనేం, చక్కగా పరిగెడుతున్నాడు!"

వేల్స్ సునాయాసంగా గెలిచింది. ట్రెవర్ అత్త కుర్చీ వెనక నిలబడి గొప్పలకి దిగాడు. "మేం ఆడినవి మూడూ గెలిచాం. మీవాళ్ళు ఆడినవి రెండూ గెలిచారు. ఇంతకీ ఈ ఏడాది ఎవరు గొప్పంటావు?"

"మీరు వచ్చుంటే తేలేది" అంది అత్త.

ఎత్తిపొడవాలని అనలేదు ఆవిడ, మామూలుగానే అంది. కానీ హాల్లో ఇద్వాల్ దగ్గు మాత్రం వినిపించింది. కాసేపటికి వెనక వరసలో ఎవరో ముసలాయన గొంతెత్తి పాట అందుకున్నాడు. ఒక్కొక్కరే కలిశారు. నాకు ఆ భాష రాదు, ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా లేచి నిలబడ్డాను.

ఆ ఏడాది ఐదు దేశాల పోటీ అలా సగంలో ఆగిపోయింది. విజేత లేదు. ఏప్రిల్ చివర ఫ్రాన్స్ వాళ్ళు మంచిమనసుతో డబ్లిన్ వచ్చి ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడి వెళ్ళారు. మర్నాడు ఇద్దరు ఫ్రెంచివాళ్ళు అత్త కాఫీకి వంక పెడితే, ఆవిడ మారుమాట్లాడకుండా మళ్ళీ కాచి ఇచ్చింది.

చర్చిలో ఆవిడ పద్నాలుగో కొవ్వొత్తి వెలిగించడం నాలుగైదు వారాల్లో బయటపడింది. డెర్రీలో గాయపడ్డ మరొకాయన జూన్‌లో చనిపోతే అది ఆయన కోసమే అనుకున్నారు జనం. అత్త పదిహేనోది మొదలుపెట్టింది. అప్పుడు అడిగారు. ఆవిడ చెప్పలేదు. పక్కింటావిడ నన్ను పట్టుకుని గుచ్చి గుచ్చి అడిగింది. నేనూ చెప్పలేదు. ఏ కోపంతో ఫిబ్రవరిలో అరిచానో ఆ కోపం నాలో పోలేదు, ఇప్పటికీ లేదని చెప్పలేను. కానీ దానికి ఒక పక్కన ఆ వంకర పన్ను వచ్చి చేరింది.

ఎమ్లిన్ ఆ ఏడాది చివర ఒంటి మీద గాయం లేకుండా తిరిగొచ్చాడు. ఇద్వాల్ ఎక్కువకాలం బతకలేదు. గని దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. డెబ్బై మూడు అక్టోబరులో పోయాడు. ఉత్తరం ఓల్వెన్ రాసింది. అత్త ఆ ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్ళి, ఉతికిన దుప్పట్లనే మళ్ళీ ఉతికింది.

డెబ్బై నాలుగు ఫిబ్రవరిలో వేల్స్ జట్టు మళ్ళీ డబ్లిన్ వచ్చింది. కూమ్‌డూలస్ నుంచి పదిమంది మగవాళ్ళు దిగారు. వాళ్ళ వెనక నల్లకోటు వేసుకుని ఓల్వెన్. "ఆయన వంతు నేను తీసుకున్నాను అక్కా" అంది గుమ్మంలో. అత్త ఆవిణ్ణి లోపలికి లాక్కుపోయింది.

మ్యాచ్ మొదలయ్యే వేళకి ఇల్లు ఖాళీ అయింది. అత్త వంట నా మీద వదిలేసి, ఓల్వెన్‌ని తీసుకుని శాండీమౌంట్ ఒడ్డుకి వెళ్ళింది. మ్యాచ్ రోజున ఆవిడ పొయ్యి వదిలి వెళ్ళడం అదే మొదలు. నేను ఉండబట్టలేక కూర దించి, ఫ్లాస్కులో టీ పోసుకుని వెనకాలే వెళ్ళాను. సముద్రం బాగా లోపలికి తీసి ఉంది. తడి ఇసుక మీద ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తున్నారు. నేను దగ్గరికొచ్చేసరికి ఓల్వెన్ చెబుతోంది.

"ఎమ్లిన్ అక్కడి సంగతి ఒక్క మాటా మాట్లాడడక్కా. పాలబండి తోలుతున్నాడు. వీధిలో తలుపు దఢాలుమంటే చాలు, ఉన్నచోటే కూలబడతాడు. ఏం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు ఓల్వెన్" అంది అత్త. "నీ పక్కన నడవడం తప్ప నాకేం తెలుసు."

మైదానం వైపు నుంచి పెద్ద హోరు వచ్చింది. ఎవరు కొట్టారో తెలియలేదు. ముగ్గురం ఒక్క క్షణం ఆగి విన్నాం. నేను టీ పోసి ఇచ్చాను. నిలబడే తాగాం. గాలి బాగా వీస్తోంది. ఆ కాస్త టీ చల్లారిపోకముందే ఓల్వెన్ కప్పు నా చేతికిచ్చి, దూరంగా నీళ్ళు కనిపిస్తున్న వైపు చూపించి, "అక్కడిదాకా వెళ్దామా?" అంది.

వెళ్ళాం.